కంపెనీ కట్టించిన రాఖీ

మా మేనేజరును సార్ అంటే ఊరుకోడు. పెదనాన్న అనాలి. చౌటుప్పల్ దాటాక హైవే పక్కన మందుబిళ్లలు చేసే మా కంపెనీలో రెండేళ్లుగా ఇదే గోల. గేటు లోపల గోడ మీద మనిషెత్తు అక్షరాలు: "ఇది కంపెనీ కాదు, మన కుటుంబం." సూపర్‌వైజర్లు అన్నలు, ఆడవాళ్లమంతా అక్కలు, చెల్లెళ్లు. ప్యాకింగ్‌లో పన్నెండేళ్లుగా ఉన్నదాన్ని కాబట్టి నేను అందరికీ యాదక్కను. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ ముచ్చటగానే ఉండేది. ఆడవాళ్ల ఫిర్యాదులు వినే కమిటీలో యాదలక్ష్మి అని నా పేరు వేసినప్పుడైతే మా ఊరు కట్టంగూరంతా చెప్పుకుని తిరిగాను.

పోయిన శ్రావణంలో ఇఫ్రా నా చేతికి ఒక కాగితం ఇచ్చింది. మా లైనులోనే పనిచేసే ఇరవై రెండేళ్ల పిల్ల. అట్టపెట్టెలు ఉంచే స్టోరు గదిలో సూపర్‌వైజర్ వెంకన్న, పైనున్నవి అందిస్తానంటూ వెనక నిలబడి నడుం మీద చెయ్యి వేశాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తేదీలతో సహా రాసింది.

మేనేజరు ఆ కాగితం చదివి, కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు, ఛీ!

"యాదక్కా, ఇంట్లో పిల్లలు కొట్లాడుకుంటే వీధికెక్కుతామా? ఎల్లుండి క్యాంటీన్‌లో రాఖీ పండుగ చేస్తున్నాం కదా. ఇఫ్రాతో వెంకన్నకు రాఖీ కట్టిద్దాం. అన్నాచెల్లెళ్లయిపోతారు. ఇంకేం గొడవ?"

రాజీ కాగితం కూడా అప్పటికప్పుడే టైపు చేయించాడు. రాఖీ కాగానే ఇఫ్రా, నేను సంతకాలు పెట్టాలి. లేదంటే, పాపం ఆ పిల్లకు ఇక్కడ ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి పని మాన్పించి ఇంటికి పంపడమే మంచిదట.

నా బుద్ధి గడ్డి తిన్నది. ఇఫ్రా వాళ్ల నాన్న ఖాసిం మంచాన పడ్డాడు. అన్న వేరుపడ్డాడు. ఆ ఇంట్లో పనికి పోయేది ఈమె ఒక్కతే. సాయంత్రం కంపెనీ బస్సులో పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"జర ఓర్చుకో బిడ్డా. దారమే గద! కట్టినవంటే వాడే సిగ్గుతోని సక్కగైతడు."

"నా సొంత అన్నకే ఎన్నడు కట్టలే యాదక్కా. గా మొకానికి కట్టాల్నా?"

"నౌకరి పోతే ఏం జేస్తవ్ మరి?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. దాన్ని నేను ఒప్పుకోవడం కింద లెక్కేసుకున్నాను.

పండుగ రోజు క్యాంటీన్‌లో స్టేజీ వేశారు. కుటుంబ విలువల మీద మేనేజరు అరగంట దంచాడు. వెంకన్న తెల్ల లాల్చీ వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని పెళ్లికొడుకులా కుర్చీలో కూర్చున్నాడు. వాడి వాలకం చూస్తేనే నాకు ఒళ్లంతా కంపరమెత్తింది. అయినా పళ్లెం పట్టుకున్నది నేనే. రాఖీ తీసి ఇఫ్రా చేతిలో పెట్టిందీ నేనే.

కట్టింది. ముడి రెండుసార్లు జారిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెంకన్న లేచి, "నా చెల్లె సల్లగుండాలె" అంటూ ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తల మీద ఆగలేదు. మెడ మీదికి, వీపు మీదికి, మెల్లగా నడుం దాకా దిగి అక్కడే ఉండిపోయింది. రెండు వందల మంది ముందు, పట్టపగలు! ఎదురుగా కూర్చున్నవాళ్లకు కనబడదు. పక్కన పళ్లెంతో నిలబడ్డ నాకు కనబడింది. ఆమె కట్టిన రాఖీ ఆ చేతికే ఉంది. థూ!

ఇఫ్రా కొయ్యబారిపోయింది. కళ్లు మాత్రం తిప్పి నన్ను చూసింది.

పళ్లెం ఎప్పుడు వదిలేశానో తెలియదు. వాడి మణికట్టు పట్టి అవతలికి విసిరికొట్టాను.

"తియ్యిరా చెయ్యి, బాడ్కావ్!"

"ఏమైంది యాదక్కా? చెల్లెను దీవించిన, గంతే గద" అని వాడు పళ్లికిలించాడు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "అందరి ముందూ ఏమిటిది? ఇంటి పరువు తీస్తావా?"

"గిది ఇల్లా? మా ఇంట్ల గిసొంటోన్ని చెప్పు తీస్కొని కొడ్తం. మీ ఇంట్ల లడ్డు తినిపిస్తరా?"

రోజూ నన్ను అక్కా అక్కా అని పిలిచేవాళ్లంతా చేతుల్లో లడ్డూలు చూసుకుంటూ కూర్చున్నారు. సంతకాలకని స్టేజీ మీద సిద్ధంగా పెట్టిన రాజీ కాగితం అక్కడే చింపి, ఇఫ్రాను తీసుకుని గేటు దాటాను.

రోడ్డవతల చాయ్ హోటల్లో కూర్చున్నాం. కలెక్టర్ ఆఫీసుకే రాద్దామన్నాను. ఆమె చెబుతుంటే నేను రాశాను. స్టోరు గది, మూడు తేదీలు, ఇవాళ స్టేజీ మీద జరిగింది. కళ్లారా చూసిన సాక్షిని నేనే అని కూడా రాశాను, కొంచెం గర్వంగానే.

"ఇంకోటి రాయాలె" అంది.

"ఏంది బిడ్డా?"

"రాఖీ కట్టుమని నా మీద జోర్ చేసినోళ్ల పేర్లు."

మేనేజరు పేరు రాసి తలెత్తాను. ఆమె నన్నే చూస్తోంది.

"ఇంకో పేరున్నది గద అక్కా."

ఆ పిల్ల కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. తల దించి రాశాను: యాదలక్ష్మి, కమిటీ సభ్యురాలు.

ఇంటిపేరు కూడా రాయమంది. రాశాను.