రెడ్యాకు చెప్పిన మాటలు

మోరంచ వాగు ఊరి మీద పడ్డ ఏడు కాదు, దాని మరుసటి ఏడు. ఆకేరు పొంగి, మహబూబాబాద్ దిక్కు రైలు పట్టాల కింది కంకరంతా కొట్టుకుపోయి, బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయిన ఏడు. ఆ ఏడే ఆగయ్య, ఎన్నడూ ముఖం చూడని దోస్తును వెతుక్కుంటూ డోర్నకల్ పోయాడు.

ఆగయ్యది లింగాల ఘనపూర్. బావి కింద కొంత వరి, చెల్కలో కొంత పత్తి. మాట తక్కువ మనిషి. అడిగితే సగం జవాబు, అడగకపోతే అదీ లేదు. ఒకప్పుడు మధ్యాహ్నం అన్నం తిని పచ్చీసు ఆడటానికి పోయేవాడు. గవ్వలు చేతిలో పడితే ఆ మనిషే వేరు. ఎదుటివాళ్ల కాయను చంపి, "లే బావా, ఇంటికి పో, మా అక్క అన్నం పెడ్తది" అని ఆటపట్టించేవాడు. ఆడేవాళ్లు ఒకరొకరే పోయారు. కడకు మిగిలినవాడికి చూపు పోయింది. ఆట ఆగిపోయింది. ఆగయ్య నోరు కూడా దాంతోనే మూతపడింది.

బిడ్డ యమునను రేగొండలో ఇచ్చారు. మోరంచ వాగు భయానికి ఆమె కొన్నాళ్లు పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడు తండ్రి ఫోన్లో ఒక ఆట వేసిపోయింది. పచ్చీసు లాంటిదే. నలుగురు ఆడాలి, ఇద్దరిద్దరు జోడీ. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కలుస్తారు, మాటలు కూడా వినపడతాయి.

"ఫుకట్ ఆటనే నాయినా. పైసలు అడిగితే మాత్రం ఏది నొక్కకు" అని చెప్పింది.

ఆగయ్య ఏదీ నొక్కలేదు. ఆట కాగానే సబ్బు గురించో పళ్లపొడి గురించో ఒక ఆడగొంతు మోగేది. ఓపికగా వినేవాడు. రోజూ వస్తే ఒక పెట్టె తెరుచుకునేది, అందులో బంగారు రంగు బిళ్లలు. ఒక్కరోజు తప్పితే ఆ వరస మళ్లీ మొదటికి. ఆ బిళ్లలతో ఏమొస్తుందో ఆయనకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఆయన పోయేది రెడ్యా కోసం.

రెడ్యా ఒకనాడు అనుకోకుండా జోడీగా తగిలాడు. బొంగురు గొంతు, నవ్వితే దగ్గు. డోర్నకల్ దగ్గర తండా అన్నాడు, మిరప తోట అన్నాడు. తన కాయ పండే దారిలో ఉన్నా వెనకబడ్డ జోడీ కాయ కోసం ఆగేవాడు. అది ఆగయ్యకు నచ్చింది. మరునాడు అదే వేళకు ఇద్దరూ వచ్చారు. ఇక రోజూ అంతే. కొట్టం పక్కన మంచం వాల్చుకుని, కళ్లు ఆట మీద పెట్టి, ఆగయ్య ఒకటేతీరుగా చెప్పుకుంటూ పోయేవాడు. అవతల రెడ్యా "అట్లనా అన్నా" అనేవాడు. ఇవతల భార్య ఉప్పలమ్మ అడుగుల చప్పుడు వినపడితే ఆగయ్య గొంతు తగ్గేది.

అట్లా ఏడాది నడిచింది. ఒకనాడు ఉప్పలమ్మ చేను నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచం పక్కన నిలబడింది.

"ఏం ముచ్చట పెడ్తున్నవ్ గంతసేపు?"

"ఏం లేదు. ఆట."

"నేనచ్చేదాక ఉన్న ముచ్చట, నేను రాంగనే ఏం లేదయితదా?"

ఆగయ్య ఫోను బోర్లించాడు.

"ఫుకట్ ఆట, ఫుకట్ ఆట అంటవు. ఫుకట్ ఎట్లయితది యమున నాయినా? పొద్దంత దానికే పోస్తున్నవ్. ఉన్న నాలుగు మాటలు గూడ దాంట్లనే పోస్తున్నవ్. పెండ్లయినకాన్నుంచి నాతోని మాట్లాడినయన్ని మూటగడితే నెత్తి మీద పెట్టుకున్నట్టు గూడ ఉండది. ఎవడో మొకం ఎరుకలేనోడు, వానికి మాత్రం గంపలకు గంపలు!"

ఆగయ్య గొడ్ల వైపు చూశాడు.

"బతుకమ్మ పండుగ కాంగనే నేను రేగొండకు పోత. యమున తాననే ఉంట. ఆడ పిల్లలు అమ్మమ్మా అనన్న అంటరు. నువ్వు, నీ ఆట మంచిగుండున్రి."

తిట్టి ఉంటే ఆగయ్య భయపడేవాడు కాదు. తిట్లు ఆయనకు అలవాటే. ఆమె తిట్టలేదు. రేపు పాలు కొంచెం ఎక్కువ కావాలి అన్నంత నెమ్మదిగా చెప్పి లోపలికి పోయింది.

మరునాడు ఆయన ఫోను ముట్టలేదు. ఆ మరునాడు కూడా. అన్నం తిని ఉప్పలమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపటికి "పత్తికి..." అన్నాడు.

"ఏంది?"

"ఏం లేదు."

ఆట మానేస్తే ఆ మాటలన్నీ ఇటు తిరిగి వస్తాయని ఆయన అనుకున్నాడు. రాలేదు. గొంతు దాకా వచ్చి, ఆమె ముఖం చూడగానే వెనక్కి పోయాయి. అది పోయింది, ఇదీ రాలేదు. మరి ఆ ఆట వదలాల్సిందా, కాదా? ఎవరిని అడగాలో తెలియలేదు.

అప్పుడే వాన పట్టింది. పగలూ రాత్రీ తెరిపి లేదు. టీవీలో మహబూబాబాద్ దిక్కు గాలిలో వేలాడుతున్న రైలు పట్టాలు చూపించారు. డోర్నకల్ చుట్టుపక్కల తండాల్లోకి నీళ్లు వచ్చాయన్నారు. ఆగయ్య లేచి పోయి ఫోను తెరిచాడు. రెడ్యా లేడు. ఆట ఊరుకోదు కదా, ఎవడో మహేందర్‌ను జోడీగా ఇచ్చింది. వాడు తన కాయలు తాను ఉరికించుకుంటూ పోయాడు. ఆగయ్య ఆట మధ్యలోనే లేచాడు. మరునాడు చూశాడు, లేడు. వాన వెలిసింది, అయినా లేడు.

"ముద్ద దిగుతలేదేంది?" అంది ఉప్పలమ్మ.

"రెడ్యా వస్తలేడు."

"ఫోన్ జేయరాదు మరి."

"నంబర్ లేదు."

"ఏ తండా?"

ఆగయ్య అన్నం కలుపుతూ కూర్చున్నాడు.

"పిల్లలెంతమంది? పెండ్లాం పేరేంది?" ఉప్పలమ్మకు ఒక పక్క కోపం, ఒక పక్క నవ్వు. "ఏడాది సంది గంత ముచ్చట పెట్టి గియ్యి గూడ అడగలేదా? మరి ఏం మాట్లాడినవయ్యా?"

ఏం మాట్లాడాడో ఆగయ్యకు తెలుసు. చెప్పలేదు. తాను చెప్పడమే గానీ అడిగింది ఏమీ లేదని మాత్రం ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"పోయి చూసొస్త" అన్నాడు.

"ఎక్కడికని పోతవ్?"

"అడుగుత."

"నువ్వు? అడుగుతవా?" ఉప్పలమ్మ పళ్లెం తీస్తూ ఆయన వైపు తేరిపార చూసింది. "నేను గూడ వస్త. నా సవతి ఎట్లుంటడో ఒక్కపారన్న కండ్ల చూడాలె."

పట్టాలు బాగుచేసి బండ్లు నడవడం మొదలుపెట్టాక, పొద్దున్నే జనగామ పోయి రైలెక్కారు. ఉప్పలమ్మ చేతిలో ఒక మూట ఉంది. అందులో బియ్యం, రెండు పాత చీరలు. "వాగు వచ్చిన ఇంటికి ఒట్టి చేతులతోని పోతరా" అంది.

డోర్నకల్ స్టేషన్ బయట ఆటోవాళ్లు చుట్టుముట్టారు. హన్మంత్ అనే పిల్లవాడు మూట అందుకోబోయాడు.

"ఎటు పోవాలె పెదనాయినా?"

"రెడ్యా ఇంటికి."

"ఏ రెడ్యా? తండాకు నలుగురున్నరు రెడ్యాలు."

"మిరప తోట."

"అందరియి మిరప తోటలే."

ఆగయ్య ఆలోచించాడు. ఉప్పలమ్మ సాయం చేయలేదు. మూట కింద పెట్టి వేడుక చూస్తూ నిలబడింది.

"నవ్వితే దగ్గుతడు" అన్నాడు ఆగయ్య.

"గా రెడ్యానా! గది ముందుగల చెప్పరాదు" అని హన్మంత్ ఆటో తిప్పాడు.

తండాలో నీళ్లు గోడల మీద నడుమెత్తున బురద గీత వేసి పోయాయి. కంచెల మీద బొంతలు, వాకిళ్లలో తడిసిన వడ్లు. ఒక ఇంటి ముందు సన్నటి పొట్టి మనిషి పారతో బురద గీకుతున్నాడు.

"రెడ్యా" అన్నాడు ఆగయ్య.

పార ఆగింది. ఆ మనిషి ముఖం చూడలేదు. చెవి ఇటు తిప్పాడు. "ఆగయ్యన్ననా?" అన్నాడు. నవ్వాడు. వెంటనే దగ్గు వచ్చింది.

"ఫోను నీళ్లల్ల పోయిందన్నా. మేం పక్కింటి స్లాబు మీదికెక్కి బతికినం."

"మంచిదైంది."

అంతే. మంచం వేశారు. ఒకడు ఈ కొస, ఒకడు ఆ కొస కూర్చున్నారు.

"బండికచ్చినవా అన్నా?"

"బండికే."

"ఆలస్యం గాలేదు?"

"కాలేదు."

కోళ్లు ఎండలో వడ్లు ఏరుకుంటున్నాయి. ఇద్దరూ వాటిని చూశారు. ఉప్పలమ్మ మెల్లగా వంగి, "గింతేనా నీ ముచ్చట? దీనికోసమా నేను రైలెక్కింది?" అంది. ఆగయ్య చెవులు ఎర్రబడ్డాయి.

రెడ్యా భార్య ద్వాళి చాయ్ తెచ్చింది. గ్లాసు ఇస్తూ, ఎన్నాళ్ల నుంచో ఎరిగిన మనిషిని అడిగినట్టు, "మోకాలు ఎట్లుందక్కా? గట్టు దిగేటప్పుడు ఇంకా ఎడమ కాలే ముందుగాల పెడ్తున్నవా?" అంది.

ఉప్పలమ్మ గ్లాసు గాలిలోనే ఆగింది. "నీకెవరు చెప్పిన్రు?"

"అన్ననే. మా ఆయినెకు చెవు తక్కువ, ఫోను పెద్ద సప్పుడు పెట్టుకుంటడు. నేను పొయ్యి కాడ కూసోని మొత్తం ఇంట. ఒక్కరోజు అన్న రాకుంటే నాకు పొద్దుపోయేది కాదు. నువ్వు కూలోళ్లకు చాయ్ పోసి, నీకు మిగలకుంటే తాగిన అని అబద్ధమాడుతవట గద?"

ఉప్పలమ్మ ఆగయ్య వైపు చూసింది. ఆగయ్య కోళ్ల వైపు చూశాడు.

"మొన్న ఎండకాలం జరమచ్చి నిన్ను జనగామ దవాఖానల పండవెట్టినప్పుడయితే అక్కా..." ద్వాళి చెంగుతో చేతులు తుడుచుకుంది. "బట్టలు తీస్కపోను ఇంటికచ్చి, జరసేపు ఆటలకచ్చిండు అన్న. ఆట ఆడుతలేడు, ఊకె కూసున్నడు. మా ఆయినె ఏమైందన్నా అంటే, 'ఇంట్ల సప్పుడు లేదు రెడ్యా. బిందె పెట్టిన సప్పుడు గూడ లేదు. గీ ఇంట్ల నేనెట్లుండాలె' అన్నడు. నాకు కూర మాడిపోయింది ఆనాడు."

"గీ మనిషేనా అన్నది?"

"గీ అన్ననే. గొంతు ఇదే గదా."

రెడ్యా లేచి అవసరం లేకున్నా కోళ్లను అదిలించాడు. ఉప్పలమ్మ చాయ్ చల్లారేదాకా తాగలేదు. తర్వాత లేచి మూట పట్టుకుని ద్వాళితో లోపలికి పోయింది. తడిసిన పరుపు ఇద్దరూ కలిసి బయటికి లాగారు. పోయేముందు ద్వాళి ఉప్పలమ్మ నంబర్ తీసుకుంది. ఆగయ్య, రెడ్యా మాత్రం చేతులు కలిపి, "పోయొస్త" "మంచిది" అనుకున్నారు.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. మహబూబాబాద్ దాటింది. కొత్త కంకర పోసిన చోట బండి మెల్లగా నడిచింది.

"నాకు చెప్పేటియి తీస్కపోయి గాయినెకు చెప్పినవ్" అంది ఉప్పలమ్మ.

ఆగయ్య మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు.

"దవాఖానల నా మంచం కాడ కూసోని, 'నీళ్లు తాగుతవా' అన్నవు. పొద్దుగూకులు గదొక్కటే అన్నవు. నేను ఏమనుకున్న? గీనెకు నేనుంటె ఏంది, పోతె ఏంది అనుకున్న."

"ఎదురుంగ ఉంటే రాదే."

"ఏది రాదు?"

"మాట."

ఉప్పలమ్మ ఆయన ముఖం చూసింది. అబద్ధం లేదు. మంచం మీద ఆ కొసా ఈ కొసా కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు గుర్తొచ్చి పెదవి బిగపట్టింది. ఆగలేదు. పకపకా నవ్వింది. ఎదుటి సీటు మనిషి లేచి చూశాడు.

నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని, "నిన్ను ఆట బంద్ పెట్టుమంటలేను" అంది. "ఆమె అన్నీ విన్నది, ఎవలో ఊరుగాని ఊరామె. నేను ఒక్కటి వినలే. రేగొండకు పోత అన్న మాట అట్లనే ఉన్నది."

ఆగయ్య కిటికీ బయటికి చూశాడు. ఆ ఆటలో బిళ్లలు, పెట్టెలు, సబ్బుల గొంతు, అన్నీ వట్టివే. కానీ ఆ వట్టి వాటి మధ్య కూర్చునే ఆయన నోరు తెరిచాడు. చేతికి ఏదో పని, కంటికి ఏదో గురి ఉంటే గానీ లోపలిది బయటికి రాని మనిషి తాను. పోయిన మధ్యాహ్నాలు పోయినట్టా, దక్కినట్టా? రెండూ అనిపించింది. ఇంటికొచ్చేదాకా అదే ఆలోచించాడు.

తెల్లారి ఫోను మోగింది. పెట్టె తెరుచుకోవడానికి సిద్ధంగా ఉందని పిలుపు. ఆగయ్య దాన్ని గూట్లోనే వదిలేశాడు. చూరులోంచి ఒక కొడవలి తీసుకుని, కలుపుకు పోతున్న ఉప్పలమ్మ వెనకాలే నడిచాడు. ఆమె ఒకసారి వెనక్కి చూసి ముందుకు నడిచింది.

పత్తిచేనులో కూలి ఆడవాళ్లు అప్పటికే వంగి ఉన్నారు. ఆగయ్య ఉప్పలమ్మ పక్క సాలులో గొంతుక్కూర్చుని గరక కోయడం మొదలుపెట్టాడు. ఆ చేనులో మగవాడు కలుపు తీయడం అంతకుముందు ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"పెదనాయినా, చీర గూడ కట్టుకొని రాకపోయినవ్!" అంది కూలికి వచ్చిన కాళి. అందరూ గొల్లున నవ్వారు.

ఆగయ్య తలెత్తలేదు. కొడవలి కదులుతూనే ఉంది. ఎండ ఎక్కింది. మిగతావాళ్లు ముందుకు పోయారు, ఈ రెండు సాళ్లు వెనకబడ్డాయి.

"రెడ్యా లావాటోడు అనుకున్ననే నేను" అన్నాడు ఆగయ్య, గరకకు చెప్తున్నట్టు. "మీసాలు గూడ ఉంటయనుకున్న."

"ఊఁ" అంది ఉప్పలమ్మ. ఆమె కూడా తలెత్తలేదు.

ఆయన ఇంకో పిడికెడు గరక పట్టుకున్నాడు. "నిన్న నువ్వు పరుపు గుంజుతుంటే మోకాలు నొస్తదని లేద్దామనుకున్న. కాళ్లు ఆడలే" అన్నాడు.