పున్నమ్మకు ఫోను

మిరపచేను గట్టు మీద నిలబడి పున్నమ్మ కేకేసింది. "జక్రయ్యా, మీ అమ్మాయి ఫోను. పది నిమిషాల్లో మళ్లీ చేస్తానంది, రా."

ఆ కేక ఈ బక్కమనిషిదంటే ఎవరూ నమ్మరు. ఘాటుకు ఎర్రబడ్డ కళ్లు, పగిలిన మడమలు, తలకు పాత ఎర్రతువ్వాలు. నడుం కోతలకు వంగనని మొండికేశాక, చాంద్‌బీ ఎస్టీడీ బూత్‌లో ఆమెకిదే పని. ఫోనొచ్చిన మనిషి ఎక్కడున్నా వెతికి పిలుచుకురావాలి. ఊరందరి బిడ్డలూ ఎక్కడెక్కడున్నారో ఆమెకు తెలుసు. తనకు మాత్రం ఎవరూ లేరు.

ఆ రోజు యూనివర్సిటీ నుంచి క్రిస్టీనా అనే పిల్ల వచ్చి బూత్ ముందు బల్ల మీద ఆమె పక్కన కూర్చుంది. ఫోన్లూ కంప్యూటర్లూ పల్లెల్లో ఎవరికెలా పనికొస్తున్నాయో పరిశోధన చేస్తోందట.

"మీరెప్పుడైనా ఫోన్లో మాట్లాడారా పున్నమ్మగారూ?"

"నాకెవరు చేస్తారు తల్లీ?"

"మా సిద్ధాంతంలో వాడేవాళ్లు, వాడనివాళ్లు అని రెండే వర్గాలండి. మీరు రెంటిలోనూ ఇమడట్లేదు."

"వాడనోళ్లలో రాసెయ్, గొడవొదిలిపోద్ది."

నవ్వేసింది గానీ మనసు చివుక్కుమంది. తన పేరున ఒక్క ఫోనైనా రావాలని ఎన్నాళ్ల ఆశో. క్రిస్టీనా అది కనిపెట్టినట్టుంది. బస్సెక్కుతూ, "ఒంగోలు చేరగానే మీకు చేస్తానండి," అంది.

సాయంత్రం పున్నమ్మ మొహం కడుక్కుని, ఫోను వంకే చూస్తూ కూర్చుంది. మోగింది. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఖాదర్ వలి, భార్య సిద్దికా కోసం. సిద్దికా ఊరి చివర కల్లంలో కాయలు ఏరుతోంది. ఇప్పుడు వెళితే తన ఫోను తప్పిపోతుందేమో. పున్నమ్మ కాసేపు తటపటాయించింది.

"నెలలు నిండిన పిల్ల. మొగుడి గొంతు వినకపోతే బెంగపడుద్ది," అంటూ లేచింది.

సిద్దికాను తొందరపెట్టలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, ప్రాణం బూత్ దగ్గరే ఉన్నా, మెల్లగా నడిపించుకొస్తోంది. ఎదురుగా కేక వినిపించింది. పనివేళ కుర్చీ వదిలి ఎరగని చాంద్‌బీ, ఆయాసపడుతూ వస్తోంది.

"పున్నమ్మా, నీకే ఫోను. మళ్లీ చేస్తానంది ఆ పిల్ల."

ఊళ్లో అన్ని పేర్లూ పిలిచిన పున్నమ్మ, తన పేరు అలా వినడం అదే మొదలు.

"నేనొస్తాలే, నువ్వు పరుగెత్తు పెద్దమ్మా," అంది సిద్దికా.

రిసీవర్ రెండు చేతులా పట్టుకుని, పొలాలకు వినపడేలా అరిచింది. "తల్లీ, నేను పున్నమ్మని!"

"మెల్లగా మాట్లాడినా వినపడుతుందండి," అని అవతల నవ్వు.

"ఇప్పుడు మాట్లాడాగా. నన్ను వాడినోళ్లలో రాయి."

తువ్వాలు విప్పి కళ్లు తుడుచుకుంది. ఆ సంబరంలో దాన్ని బల్ల మీదే మరిచిపోయి ఇంటికెళ్లింది. తెల్లారి లేవలేదు. ఊరంతా వెళ్లి మట్టి చేసొచ్చారు.

మర్నాడు ఫోను మోగింది. "పది నిమిషాలాగి చెయ్యండి, పిలిపిస్తా," అని చాంద్‌బీ అలవాటుగా బల్లవైపు తిరిగింది. "పున్నమ్మా..."

బల్ల మీద ఎర్రతువ్వాలు ఉంది. మిరప ఘాటు ఇంకా వదల్లేదు.