ఎవరి సూది

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దని కొత్తగా చేరిన పిల్లలకు చెప్పి చెప్పి నోరు పడిపోయిన మనిషి, ఆదివారం సాయంత్రం తనే మూత పెట్టబోయి వేలు పొడుచుకుంది. పగలంతా పెద్దాసుపత్రిలో, సాయంత్రం ఈ నర్సింగ్‌హోములో నిలబడితే కళ్లెక్కడుంటాయి, చేతులెక్కడుంటాయి! గ్లవ్ లోపల ఎర్రటి చుక్క కనబడగానే ఆ నర్సుకు గుండె జారిపోయింది.

అప్పటికే ఆ సూది వేయించుకున్న మనిషి లేడు. రోడ్డుమీద పడి దెబ్బ తగిలించుకుని వచ్చాడు, కట్టు కట్టించుకున్నాడు, పేరైనా సరిగ్గా చెప్పకుండా వెళ్లిపోయాడు. అతని రక్తంలో ఏ జబ్బుందో ఎవరిని అడగాలి?

నర్సింగ్‌హోము యజమాని డాక్టరు ఆమె వేలివంక చూడను కూడా చూడలేదు.

"నువ్వు మా రిజిస్టర్లో లేవు కదమ్మా. సబ్బుతో కడుక్కుని ఇంటికెళ్లి పడుకో."

పడుకుంటుందిట! ఇలాంటప్పుడు ఎయిడ్స్ సోకకుండా వేసుకునే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిదనీ, మూడు రోజులు దాటితే ఇక దండగనీ ఆమెకు తెలుసు. పెద్దాసుపత్రిలో అడిగితే ఇస్తారు. కానీ ఇంకెక్కడైనా పనిచేస్తే ఉద్యోగంలోంచి తీసేస్తామని చేరిన రోజే సంతకం చేయించుకున్నది ఆ ఆసుపత్రే.

ఉద్యోగం పోతే చదువుకోసం తెచ్చిన అప్పుకు కిస్తీ ఆగిపోతుంది. ఆ అప్పుకు హామీ ఉన్నది అన్నయ్య, తాకట్టులో ఉన్నది అతని టైలరు దుకాణం. ఒక్కసారి కిస్తీ తప్పినందుకు బ్యాంకు మనిషి దుకాణానికొచ్చి, కొలతలివ్వడానికొచ్చిన వాళ్లముందే అన్నయ్యను నిలదీశాడు. ఆ తర్వాతే ఆమె ఈ ఆదివారం పని ఒప్పుకుంది. జీతంలో సగం అప్పు మింగుతుంటే ఇంకేం చేస్తుంది పాపం!

మర్నాడు పొద్దున వార్డులోకి అడుగుపెట్టగానే పెద్ద సిస్టరుతో అబద్ధమాడేసింది. "ఏడో మంచం తాతగారికి ఇంజెక్షన్ చేస్తుంటే గుచ్చుకుంది సిస్టర్."

మందు చేతికొస్తుందనుకుంది. ముందు ఎవరి సూది గుచ్చుకుందో వాళ్ల రక్తం పరీక్షిస్తారన్న సంగతి, నిద్రలో లేపి అడిగినా చెప్పగల సంగతి, భయంలో బుర్రకు తట్టలేదు. పెద్ద సిస్టరు అప్పటికే తాతగారి మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

"ఈ పిల్లకోసమా? తీసుకోండమ్మా, ఎంత కావాలంటే అంత తీసుకోండి" అని ఆయన నవ్వుతూ చెయ్యి చాపాడు. ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మధ్యాహ్నానికి వార్డు డాక్టరు పిలిపించాడు.

"బతికిపోయావు! తాతగారి రక్తంలో ఏ జబ్బూ లేదు. నీకు మందులక్కర్లేదు. వేసుకునుంటే నెలంతా వాంతులతో చచ్చేదానివి."

పెద్ద సిస్టరు వీపు తట్టింది. "పొద్దున్నించీ మొహం పీక్కుపోయింది. పో, ఏదైనా తిను."

ఆమె వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, దుకాణం ఉంటుంది. తను ఉంటుందో లేదో మాత్రం ఎవరూ చెప్పలేరు. ఏమీ కాకపోవచ్చు. చాలామందికి ఏమీ కాదు. ఆ మాటే మళ్లీ మళ్లీ అనుకుంది కానీ భయం ఇసుమంతైనా తగ్గలేదు.

అన్నయ్యకు ఫోన్ చేసింది. అవతల మిషను చప్పుడు ఆగింది.

"అన్నయ్యా, నావల్ల నీ దుకాణం పోతే ఏం చేస్తావ్?"

"పట్టపగలు ఏం మాటలే అవి?" అన్నాడు అతను. "ఇంకోడి దుకాణంలో కుడతాను. ఏమైందే? ఏడుస్తున్నావా?"

"తర్వాత చెప్తా" అని పెట్టేసింది.

తిన్నగా వార్డు డాక్టరు గదికి వెళ్లింది. పెద్ద సిస్టరు కూడా అక్కడే ఉంది. తను తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అది తాతగారి సూది కాదు డాక్టరుగారూ."

"మరెవరిదే?" అంది పెద్ద సిస్టరు.

"ఎవరో, తెలీదు సిస్టర్. నిన్న సాయంత్రం ఇంకోచోట పనిచేస్తుంటే గుచ్చుకుంది. ముందు మందు ఇప్పించండి, మీకు దణ్ణం పెడతాను. ఆ తర్వాత ఉద్యోగంలోంచి తీసెయ్యండి."