లక్ష్మీనర్సమ్మ చట్టి

జ్వరం దిగిపోయినా పుల్లమ్మ గంజి తప్ప ఏదీ ముట్టడం లేదు. ఆ గంజి కూడా సవతి తల్లి అండాలు గిన్నె పక్కన పెట్టి అవతలికి పోతేనే తాగేది. ఎదురుగా కూర్చుంటే గోడవైపు తిరిగి పడుకునేది. ఎనిమిదేళ్ల పిల్ల, మంచంలో ఉందా లేదా అన్నట్టు అయిపోయింది. చేయి పట్టుకుంటే గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

అండాలు ఆ ఇంటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. పుల్లమ్మ తండ్రి లింగస్వామి, మొదటి భార్య లక్ష్మీనర్సమ్మ చనిపోయాక, పోచంపల్లి నుంచి అండాలును చేసుకుని కొల్లాపూర్ తీసుకొచ్చాడు. అండాలు మెడలో పుస్తెతో పాటు లక్ష్మీనర్సమ్మ పేరిట ఒక చిన్న వెండి బిళ్ల ఉంటుంది. రెండో పెళ్లి చేసుకున్న ఇంట్లో అది ఆచారం. పోయిన మనిషి బిళ్లయి మెడలో ఉంది కానీ, ఆమె బిడ్డ మాత్రం దగ్గరికి రాలేదు. ఇన్నాళ్లలో పుల్లమ్మ ఆమెను ఏ వరసా పెట్టి పిలవలేదు. అవసరమైతే "ఇగో" అనేది, అంతే.

ఎక్కడో దేశాల మధ్య లడాయి మొదలైనప్పటి నుంచి నూలుకు కరువొచ్చింది. మగ్గం ఆగిపోయింది. నూలు దొరుకుతుందేమోనని లింగస్వామి నది దాటి రాయచూరు వైపు పోయాడు. పిల్లకు జ్వరం వచ్చింది ఆయన పోయిన తరువాతే. పోచంపల్లిలో పుట్టింట్లో పొద్దు పొడవకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడులో మనుషులు అరుచుకుంటూ మాట్లాడుకునేవారు. ఇక్కడ మగ్గం గుంటలో పిల్లి పడుకుంటోంది. ఒక్కోసారి తన గొంతు ఎట్లా ఉంటుందో మరిచిపోతానేమోనని అండాలు పొయ్యి ముందు కూర్చుని కట్టెలతో మాట్లాడేది.

దవాఖానలో కాంపౌండరు పిల్ల రెప్ప లాగి చూసి అన్నాడు. "గంజితోని లేవదమ్మా గీ పిల్ల. కొర్రమట్ట దొరికితే పులుసు పెట్టు. నిమ్మళంగ అరుగుతది."

"నాకు చేపలు వండ రాదయ్యా."

"రాకుంటే నేర్చుకో. పిల్లకు తినుడు వచ్చు కద." ఆ మాట అని ఆయన తరువాతి మనిషిని పిలిచాడు.

రాకపోవడం ఒక్కటే అయితే నేర్చుకోవచ్చు. అండాలు పుట్టిల్లు వైష్ణవ ముద్రలు వేయించుకున్న ఇల్లు, చేప, మాంసం ముట్టరు. పెళ్లికి ముందే గురువు ఆమె భుజాలపై శంఖచక్రాలు కాల్చి వేశాడు. అత్తిల్లు నీసు ముట్టేదైనా నీ కుండ నీకు వేరుగా ఉండాలని తల్లి మరీమరీ చెప్పి పంపింది. లింగస్వామి దానికి ఒప్పుకున్నాడు. ఆమె వచ్చాక ఆ ఇంట్లో చేప వండలేదు.

ఆ సాయంత్రం పుల్లమ్మ గంజి కూడా వద్దంది. మర్నాడు పొద్దున్నే అండాలు చేపకు బదులు ఇవ్వడానికి ఒడిలో జొన్నలు పోసుకుని నాగులమ్మ దగ్గరికి పోయింది. నాగులమ్మ రేవు నుంచి చేపలు తెచ్చి చౌరస్తాలో అమ్మే ముసలామె.

"ఏందమ్మా, తొవ్వ తప్పినవా? నామాలోళ్ల బిడ్డవు, నా గంపను చూస్తెనే ముక్కు మూసుకుంటవు."

"పిల్లకు కావాలె పెద్దవ్వ. ఏది కొనాలెనో నువ్వే చెప్పు."

నాగులమ్మ నవ్వు ఆపేసింది. "లక్ష్మీనర్సమ్మ బిడ్డకేనా?" అని, తడి గోనె కింద నుంచి ఒక్కొక్కటీ తీసి చూపించింది. "గీ పరకలు వద్దు, అన్నీ ముండ్లే. జెల్ల వద్దు, నీసు ఎక్కువ, నువ్వు కడుగలేవు. బొచ్చె మంచిదే గని, అది పెద్దోళ్లకు. కొత్తగ వండేటోళ్లకు, రోగపోళ్లకు కొర్రమట్టనే. నడుమ ఒక్క ముల్లు, అంతే. వాసన రాదు, ఏ పులుసుల వేస్తే గా రుచి పడుతది." పక్కనున్న కుండ మూత తీసింది. లోపల నల్లటి చేప ఒకటి, పాము తలలాంటి తల, నీళ్లలో మెల్లగా కదిలింది. "బతికున్నదే కొనాలె దీన్ని. చచ్చింది ఇస్తే తీసుకోకు, నా తానైనా సరే."

అండాలు కళ్లు తిప్పుకుంది. నాగులమ్మే చంపి, బూడిద రాసి బండ మీద రుద్ది, పొలుసు తీసి ముక్కలు కోసి మోదుగాకులో కట్టింది.

"ఇంటికి పోయి ఉప్పు, పసుపు పట్టించు. జిగట పోయేదాంక కడుగు. చింతపండు పలుచగ పిసుకు, కారం జరంత. పులుసు మసిలినంక ముక్కలు వెయ్యి. గంటె పెట్టి కలుపకు, చట్టిని రెండు చేతుల పట్టి తిప్పు. ముక్క తెల్లగైతే దించు. అయిపాయె, ఏమున్నది గండ్ల."

దారిలో అండాలు ఆ మాటలన్నీ వరుసగా అనుకుంటూ నడిచింది. ఆకు పొట్లాన్ని ఒంటికి దూరంగా పట్టుకుంది.

వెనక కొట్టంలో ఒక మట్టి చట్టి బోర్లించి ఉంది. అది చేపలకు మాత్రమే వాడిన చట్టి. మూడు రాళ్లు పెట్టి పెరట్లో పొయ్యి చేసి, అండాలు ఆ చట్టిని దులిపి తెచ్చింది.

"గా చట్టి ముట్టకు."

అండాలు తిరిగి చూసింది. పుల్లమ్మ గడప పట్టుకుని నిలబడి ఉంది. మంచం దిగి అంత దూరం నడిచి వచ్చింది.

"అది మా అమ్మది."

"ఎరుకే బిడ్డా. చేప తెచ్చిన. నా కుండల వండరాదు, గందుకే తీసిన. వద్దంటే పెట్టేస్త."

పిల్ల మోదుగాకు పొట్లం వైపు చూసింది. తరువాత గడపలో కూర్చుంది. వెళ్లిపోకుండా కూర్చుందంటే అదే జవాబనుకుంది అండాలు.

ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించింది. జిగట పోయేదాకా కడిగింది. పులుసు మసిలింది. ముక్కలు వేసి, చట్టిని రెండు పక్కలా గుడ్డతో పట్టి తిప్పింది. ముక్క తెల్లబడింది. వాసన ఆమె అనుకున్నంత ఘోరంగా లేదు. వాన పడ్డ మట్టిలా ఏదో ఉంది, అంతే. పుట్టింట్లో దేవుడికి పెట్టకముందు వండింది రుచి చూడరు. ఆ అలవాటు చేతికి ఎంతగా పట్టిందంటే, రుచి చూడాలన్న ఆలోచనే రాలేదు. వచ్చినా ఈ పులుసు నాలుక మీద వేసుకోగలిగేది కాదు.

అన్నం మెత్తగా కలిపి, ముల్లు తీసి, ఒక ముద్ద గిన్నెలో పెట్టి ఇచ్చింది. ఈసారి అవతలికి పోలేదు. పుల్లమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, మింగి, గిన్నె కింద పెట్టింది.

ఇది కూడా తినకపోతే పెట్టడానికి అండాలు దగ్గర ఇంకేమీ లేదు.

"ఉప్పు లేదు," అంది పుల్లమ్మ.

"పట్టించిన కద బిడ్డా ముక్కలకు."

"గది కడుగుడుకు. పులుసుల మళ్ల వెయ్యాలె." పిల్ల ఆమెను కొత్తగా చూసింది. "నాలికె మీద వేస్కొని చూడలేదా? మా అమ్మ చూస్తుండె."

"నేను తినను. మా ఇంట్ల తినరు."

"మరి ఎట్ల ఎరుకైతది నీకు?"

"ఎరుకగాదు. నువ్వే చెప్పాలె."

పుల్లమ్మ ఆలోచించింది. తరువాత పాకుతున్నట్టుగా పొయ్యి దగ్గరికి వచ్చి అరచేయి చాపింది. అండాలు చిటికెడు ఉప్పు వేసి, చట్టి తిప్పి, పులుసు ఊది ఆ అరచేతిలో పోసింది. పిల్ల నాకి చూసింది.

"ఇంక జర."

మళ్లీ వేసింది. మళ్లీ అరచేయి.

"జరంత. గంత గాదు, జర." కాసేపటికి తల ఊపింది. "ఇప్పుడు సరే. నీకేం వండ రాదు."

"రాదు," అంది అండాలు.

పుల్లమ్మ గిన్నె ఖాళీ చేసింది. రెండోసారి పెట్టించుకుంది. అండాలు వేళ్లతో ముక్క విప్పి నడిముల్లు తీస్తూ, ఇంకేమైనా మిగిలిందేమోనని వెతుకుతూ పోయింది. తన పళ్లెంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు ఎప్పుడో చల్లారిపోయాయి. పిల్ల చేయి చాపి ఆ రొట్టె నుంచి ఒక తునక తుంచుకుని, చేపల పులుసులో ముంచుకుని తిన్నది. అడగలేదు. ఆమె వైపు చూడలేదు కూడా.

తిన్నాక అక్కడే చాప మీద వాలిపోయింది. కళ్లు మూసుకుని, "చట్టి ఆడనే పెట్టు, ఎక్కడున్నదో గాడనే," అంది.

"గాడనే పెడుత."

అండాలు చట్టిని బూడిదతో తోమింది. చేతులు కడుక్కుంది, మళ్లీ పసుపు రాసి కడుక్కుంది. అయినా వేళ్ల సందుల్లో ఆ వాసన ఉండిపోయింది. పిల్ల తిన్నదని ఎవరితోనైనా చెప్పాలనిపించింది. లింగస్వామి ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. తల్లితో ఎన్నటికీ చెప్పకూడదు. ఈ చేతులతో చేప వండిందని తెలిస్తే ఆమె అన్నం మానుకుంటుంది. నాగులమ్మకు చెబితే నవ్వి, లోకమంతా చెబుతుంది. పెరటి గోడ అవతల ఎవరో నడిచిపోయారు. అడుగుల చప్పుడు దూరమయ్యేదాకా విని, అండాలు చట్టిని కొట్టంలోకి తీసుకుపోయి, అది ముందు ఉన్న గుండ్రటి మచ్చ మీదే బోర్లించింది.

అక్కడే కాసేపు గొంతుకూర్చుని, మెడలోని వెండి బిళ్లను వేళ్ల మధ్య పట్టుకుంది.

"తిన్నది అక్కా," అంది మెల్లగా. "ఉప్పు మరిచిన, తనే చెప్పింది."

రేపు ఒకవేళ నాగులమ్మ దగ్గర కొర్రమట్ట లేకపోతే ఏం చేయాలో కూడా ఆ బిళ్లనే అడిగి, లేచి ఇంట్లోకి పోయింది.