గుట్ట మీది దసలి పురుగు

కహ్కషాన్ జనగామ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. దసలి పట్టునిచ్చే పురుగు గురించి పదకొండేళ్లుగా పాఠం చెబుతున్నా, దాని రెక్కలను బొమ్మల్లో తప్ప చూడలేదు. అడవి మగపురుగును ఒక్కదాన్నయినా తెచ్చి కాలేజీ అద్దాల పెట్టెలో పెట్టాలని, తొలకరి పడగానే భూపాలపల్లి గుట్టలకు బయలుదేరింది.

అక్కడ కాటమయ్య అనే ముసలి రైతు ఇంట్లో దిగింది. నల్లమద్ది చెట్ల మీద దసలి పురుగులు పెంచడం అతనికి తాతల నాటి పని. రెండేళ్లుగా పురుగులకు రోగం తగిలి ఆకుల మీదే నల్లబడి రాలిపోతున్నాయి. ఈసారి మిగిలినవి నాలుగు పట్టుకాయలు, అంటే పురుగు అల్లుకున్న గూళ్లు. మూడింట్లోంచి ఏమీ రాలేదు. నాలుగోదాంట్లోంచి ఆడపురుగు ఒక్కటి బయటపడింది. దానికి గుట్ట మీది మగపురుగు జత దొరికితే గట్టి పిల్లలు పుడతాయని అతని ఆశ. రెక్క మొదట్లో దారం కట్టి, గుట్ట నడుమ ఉన్న మద్దికొమ్మ మీద దాన్ని వదిలాడు.

మర్నాడు తెల్లవారి వెళ్లి చూస్తే ఆడది ఒంటరిగానే ఉంది. ఆ మరునాడూ అంతే. ఈ పురుగుకు తినే నోరుండదని, గొంగళిగా ఉన్నప్పుడు తిన్న ఆకు బలంతోనే వారం రోజులు బతుకుతుందని కహ్కషాన్ తరగతిలో ఎన్నోసార్లు చెప్పింది. ఆ వారం కళ్లెదుటే కరిగిపోతోంది.

మూడో ఉదయం ముందు నడుస్తున్న కాటమయ్య చటుక్కున ఆగాడు. కొమ్మకు ఇటుక రంగు మగపురుగు ఆడదానితో జతకట్టి వేలాడుతోంది. ఈకల్లాంటి మీసాలు. నాలుగు రెక్కల మీదా గాజుముక్క పొదిగినట్టు గుండ్రటి కళ్లు. ఒక రెక్క అంచు చిరిగింది. ఆడదాని వాసన పట్టి ఎంత దూరం నుంచి వచ్చిందో.

మధ్యాహ్నం దాటాక కాటమయ్య వాటిని మెల్లగా విడదీశాడు. ఆడదాన్ని గుడ్లు పెట్టడానికి బుట్టలో ఉంచి, మగదాన్ని ఆమె అరచేతిలో పెట్టాడు.

"దీని పని అయిపాయె బిడ్డా. ఇగ తీస్కపో."

ఆమె సంచిలో మందు సీసా ఉంది. అందులో వేస్తే రెక్క చెదరకుండా నిమిషంలో చచ్చిపోతుంది. ఆమె సీసా తీయలేదు.

"ఇంకెన్ని రోజులుంటది తాతా గిది?"

"రెండో, మూడో."

"ఉండనీ. సచ్చినంక తీస్కుంట."

"నీకంటే ముందుగాల చీమలొస్తయి, సూస్కో," అన్నాడతను. ఆమె మగదాన్ని తిరిగి మద్దికొమ్మ మీద వదిలింది.

అతనన్నట్టే అయింది. మూడో రోజు చెట్టు కింద రెక్కలు మాత్రమే దొరికాయి. వాటినే కాగితంలో మడిచి తెచ్చుకుంది. ఇదేం నమూనా అని ప్రిన్సిపాల్ జగపతి విసుక్కున్నాడు. ఆమె రెక్కలను అట్టకు అతికించి, దొరికిన చోటూ తేదీ రాసి, 'ఒళ్లు చీమలు తిన్నవి' అని కూడా చేర్చింది.

ఆ వారంలోనే కాటమయ్య ఫోన్ చేశాడు. గుడ్లు పగిలాయి, పిల్లలు నూటయాభై దాకా ఉన్నాయట. ఆదివారం ఆమె బస్సెక్కి వెళ్లింది. చీమంత పురుగులు లేత మద్దాకు అంచు వెంట బారుగా కొరుకుతున్నాయి. కాటమయ్య ఆమె చేతికి రాళ్లు విసిరే ఒడిసెల ఇచ్చి, పిట్టలను ఎట్లా తోలాలో చూపించి, అన్నం తినడానికి వెళ్లాడు. అతను వచ్చేలోపు ఆమె రెండు పిట్టలను తోలింది. మూడోది ఒక పురుగును ఎత్తుకుపోయింది.