సుందరమ్మ పేరు మీది కారు

కారు ఎవరి పేరు మీద రాయాలని సూర్యాపేట షోరూంలో అడిగినప్పుడు వినయ్ తన పేరే చెప్పబోయాడు. పక్కనే కూర్చున్న తల్లి సుందరమ్మ ఊరుకుంటేగా!

"నా పేరు మీద రాయించు కొడకా. నీ బండి కోసం దేవుణ్ణి అడిగితే ఒక తీరు, నా బండి ప్రభువా, జర సూసుకో అని అడిగితే ఒక తీరు" అంది.

నవ్వకండి. ఆమె భయం ఆమెది. భర్త మత్తయ్య ఈ సూర్యాపేట - కోదాడ హైవే మీదే మోటారు సైకిల్‌పై పోతూ చనిపోయాడు. అప్పటి నుంచి కొడుకు రోడ్డెక్కితే చాలు, కోదాడలో ఇంటి ముందు నిలబడి పెదవులు కదుపుతూనే ఉంటుంది. బడిలో వంట చేసి పెంచుకున్న ఒక్కగానొక్క కొడుకాయె. వినయ్ తన భార్య నవనీత వైపు చూశాడు. ఆమె నవ్వి తలూపింది. సరే, తల్లి పేరే రాయించాడు.

షోరూం కుర్రవాడు ఎంత తియ్యగా మాట్లాడాడో! "ఇన్సూరెన్స్ మా తరఫున ఫ్రీ సార్. మీరేం పరేషాన్ గావద్దు, అంతా మేమే సూసుకుంటం" అన్నాడు. ఫ్రీ అన్నాక మనకు ఇంకో ప్రశ్న పుడుతుందా? కొనే వంకాయనైతే అటూ ఇటూ తిప్పి పుచ్చుందేమోనని చూస్తాం. ఊరికే వచ్చిన కాగితాన్ని మడిచి డ్యాష్‌బోర్డు అరలో పడేస్తాం. కాలేజీలో లెక్కలు చెప్పే వినయ్ కూడా అదే చేశాడు. ఆదివారం పాస్టరుగారు వచ్చి కారు మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. సుందరమ్మ వీధి వీధంతా కేకు పంచింది.

వానాకాలంలో ఒక సాయంత్రం మునగాల దాటాక కారుకు బర్రె అడ్డమొచ్చింది. దాన్ని తప్పించబోయి వినయ్ డివైడర్‌ను గుద్దాడు. బర్రె బతికింది.

వినయ్ సమాధి కార్యక్రమం అయ్యాక నవనీత తండ్రి, పసిపాపను తీసుకుని తన దగ్గరికి మిర్యాలగూడ వచ్చెయ్యమన్నాడు. నవనీత ఒప్పుకోలేదు. "ఇన్సూరెన్స్ వస్తే నేను ఈడనే ఉండి బీఈడీ చదువుకుంట నాన్నా. అత్తమ్మను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి రాను" అంది.

ఆ మాట పట్టుకునే సుందరమ్మ అన్నం ముద్ద మింగుతోంది. కొడుకు పోయాడు. వాడి మూడేళ్ళ కూతురు మాత్రం నానమ్మ పక్కలోనే పడుకుంటోంది. ఆ పక్క ఖాళీ కాకపోతే చాలు, ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

అత్తాకోడళ్ళు పాపను వెంటబెట్టుకుని సూర్యాపేట ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్ళారు. అక్కడి అధికారి కాగితాలన్నీ చూశాడు. "బండి రిపేరుకు వస్తదమ్మా. మనిషికైతే రాదు" అన్నాడు.

"రేకుకు వస్తది, మనిషికి రాదా సారూ?" అంది సుందరమ్మ.

పాపం, ఆయన విసుక్కోలేదు. "ఓనరే నడుపుతూ పోతే ఇంటోళ్ళకు వస్తది. ఈ బండికి ఓనర్ మీరు, నడిపింది మీ అబ్బాయి. వేరేవాళ్ళు నడిపితే దానికి ఇంకో కవర్, అంటే వేరే బీమా ఉంటది, అడిగి పైసలు కట్టాలె. ఫ్రీగా ఇచ్చేదాంట్ల అది వెయ్యరు. బండి గనక అబ్బాయి పేరు మీద ఉంటే..." అని ఆగిపోయాడు.

ఆగిన మాట సుందరమ్మకు పూర్తిగా వినబడింది. పాపను దగ్గరికి లాక్కుని అడిగింది:

"మరి ఆ దినం బండిల నేను సచ్చిపోయుంటే వచ్చునా సారూ?"

"ఓనర్‌కు లైసెన్స్ ఉండాలె, మీకు లేదు కదమ్మా. మీకైనా రాదు" అన్నాడాయన తల దించుకుని.

అయ్యో తల్లీ! బతికి కొడుకును కాపాడుకోలేకపోయింది, చచ్చినా కోడలికి పనికిరాకపోయేది. సుందరమ్మ పాప చేయి పట్టుకుని బయటికి నడిచింది.

ముగ్గురూ బస్టాండుకు వచ్చారు. అక్కడ నవనీత నెమ్మదిగా అంది, "నేను మిర్యాలగూడ పోత అత్తమ్మా. నాన్న ఆడ స్కూల్ల పని మాట్లాడిండు. మీరు గూడ రారాదు?"

"వియ్యపోళ్ళ ఇంట్ల నేనెట్లుంట బిడ్డా? నువ్వు పో. పిల్లకు సలిగాలి తగలనియ్యకు."

"నన్ను తిట్టుకోకురి అత్తమ్మా."

"నిన్నెందుకు తిడత?" సుందరమ్మ కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "నన్ను తిట్టు బిడ్డా. నా పేరు రాయించుమన్నది నేను. ఆ సారు గూడ ఒక్క మాట అనకపాయె. నువ్వన్న తిట్టు. ఈ బస్టాండు మొత్తం ఇనేటట్టు తిట్టు."

నవనీత అత్త భుజం మీద తల ఆనించి ఏడ్చింది, ఏడ్చి పాపను ఎత్తుకుని మిర్యాలగూడ బస్సు ఎక్కింది.