మూడో ఓటు

హాల్వర్ ఊళ్లో జుట్టు కత్తిరించేది మారిట్ లిండాల్ ఒక్కతే. మగవాళ్లకీ, ఆడవాళ్లకీ, పిల్లలకీ, ఆఖరికి చనిపోయినవాళ్ల చివరి ముస్తాబుకీ ఆమే దిక్కు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు నోరు విప్పకుండా లేచి వెళ్లిన రోజు లేదు. అందుకే బడి బోర్డుకు పోటీ చేసినప్పుడు ఆమె ఇల్లిల్లూ తిరగాల్సిన పని పడలేదు. వచ్చినవాళ్ల మెడచుట్టూ గుడ్డ కడుతూ ఒకటే మాట చెప్పింది: "నేనున్నంతకాలం మన హైస్కూలుకి తాళం పడదు." గెలిచింది.

ఇప్పుడా మాటే ఆమెకి కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది.

బోర్డులో ఐదుగురు, అధ్యక్షురాలు మారిట్. జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి. ఎవర్ని పంతులుగా పెట్టుకోవాలి, ఊరిమీద పన్ను ఎంత వెయ్యాలి, బస్సు ఏ పొలాల మీదుగా పోవాలి, అన్నీ వాళ్లే తేల్చాలి. ఆ ఐదుగురిలో ముగ్గురు ఎక్కడ కలిసి కూర్చుని బడి ఊసెత్తినా అది సభ కిందే లెక్క. ఊరికి ముందుగా చెప్పకుండా అలా కూర్చోకూడదు. కాబట్టి కాఫీ హోటల్లో ఇద్దరు బోర్డువాళ్లున్న బల్ల దగ్గరికి మూడో బోర్డు మనిషి వస్తే, ఎవరో ఒకరు కప్పు పట్టుకుని అవతలికి పోవాలి. ఆ చలికాలమంతా అలా లేచి వెళ్లింది మారిటే. చట్టానికి భయపడి కాదు. ఆమెకి ఎక్కడా కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు.

సూపరింటెండెంట్ డ్వేన్ ఫ్రిస్క్ ఒక ప్రతిపాదన పెట్టాడు. సూపరింటెండెంటూ, ప్రిన్సిపాలూ, డ్రైవరుకి జ్వరం వస్తే బస్సు నడిపేదీ అతనే. రాష్ట్రం పెట్టిన పరీక్షల ఫలితాల్లో హాల్వర్ హైస్కూలు లెక్కల్లో అట్టడుగున ఉంది. లెక్కల టీచరు మానేసి వెళ్లిన దగ్గర్నుంచీ పిల్లలు తెర ముందు కూర్చుంటున్నారు. ఎక్కడో నగరంలో ఉన్న టీచరమ్మ ఒకేసారి నాలుగు ఊళ్ల పిల్లలకి చెబుతుంది. ప్రశ్న అడిగితే జవాబు మర్నాడు వస్తుంది, వస్తే. డ్వేన్ చెప్పేది ఒకటే: ఎనిమిదో తరగతి దాకా ఇక్కడే ఉంచుదాం, పైవాళ్లని బస్సులో డన్‌మోర్ పంపుదాం.

డన్‌మోర్! తాతల కాలంనుంచీ బాస్కెట్‌బాల్ ఆటలో హాల్వర్‌కి బద్ధశత్రువు. బోర్డులో ఇద్దరు సరే అన్నారు, ఇద్దరు ససేమిరా అన్నారు. ఎటు తేలాలన్నా మూడో ఓటు మారిట్‌దే.

"ఏంటమ్మాయ్, కత్తెర చేతిలో ఉంది కదాని చెవి కూడా కోసేస్తావా?" అన్నాడు హార్లన్ స్ట్రో కుర్చీలోంచి. ససేమిరా అన్న ఇద్దరిలో పెద్దాయన అతనే. గోధుమ రైతు. కుర్రతనంలో ఆ బడి ఆటల హాల్లో, జిమ్ములోనే డన్‌మోర్‌ని మట్టి కరిపించినవాడు.

"కదలకుండా కూర్చోండి హార్లన్. మీరు తల ఊపుతుంటే నేనేం చెయ్యను?"

"ఊగుతోంది నా తల కాదు, నీ చెయ్యి. డ్వేన్ నిన్ను బుట్టలో వేశాడా?"

"నన్నెవరూ ఏ బుట్టలోనూ వెయ్యలేదు."

"మరి ఆ ముక్క నలుగురిలో గట్టిగా చెప్పవేం? హైస్కూలు పోయిన ఊళ్లు చూళ్లేదా నువ్వు? ముందు జిమ్ములో లైట్లు ఆరిపోతాయి. తర్వాత కిరాణా కొట్టు. ఆ తర్వాత నీ కుర్చీ."

"ఒక్క లెక్కల టీచర్ని తెచ్చిపెట్టండి. మీకంటే ముందు నేనే చెయ్యెత్తుతా."

"తెచ్చేది నేనా? బోర్డు అధ్యక్షురాలివి నువ్వా, నేనా?"

ఆ మాట పట్టుకుని మారిట్ వేట మొదలుపెట్టింది. తలలకి రంగు పట్టించి, అది ఆరేలోపు కాలేజీలకి ఫోన్లు చేసేది. సగం మంది హాల్వర్ ఎక్కడుందని అడిగేవారు, మిగతా సగం అది కూడా అడక్కుండానే పెట్టేసేవారు. చివరికి మార్చిలో ఒకడు దొరికాడు. ఎజ్రా పోల్ అని, అప్పుడే చదువు ముగించిన కుర్రాడు. మారిట్ తన సెలూన్ మీది గదిలో అతన్ని దింపింది. బంగాళాదుంపలూ మాంసమూ కలిపి ఓవెన్లో కాల్చిన వంటకం చేసి పెట్టింది. చూసిపోదామని వచ్చిన పిల్లాడికి ఊరంతా మర్యాదలే. ఒకాయన మంచు ఎత్తే పార కానుకిచ్చాడు. హార్లన్ అయితే తన పాత పికప్ బండిని వాడుకోమన్నాడు. ఎజ్రా మొహం ఎర్రబడిపోయి, "తప్పకుండా వస్తానండీ" అన్నాడు. అతన్ని పెట్టుకుందామని బోర్డులో ఐదు చేతులూ ఒకేసారి లేచాయి. మారిట్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఒప్పందం మీద ఇంకా సంతకం కాలేదు. ఆ లోపలే ఎజ్రా డ్వేన్‌కి ఫోన్ చేశాడు, రావడం లేదని. డన్‌మోర్‌లో లెక్కల టీచరమ్మ ప్రసవానికి సెలవు పెట్టింది, వాళ్లు వెంటనే చేరమన్నారు, చేరిపోయాడు.

"ఎత్తుకుపోయారు!" అని హార్లన్ కాఫీ హోటల్లో బల్ల గుద్దాడు. "మన కూడు తిని, మన పార పట్టుకుపోయాడు వెధవ!"

మారిట్ ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం సెలూన్ తలుపుకి 'మూసి ఉంది' పలక తిప్పి, కారెక్కి డన్‌మోర్ పోయింది. దారి పొడవునా అతన్ని ఏమేం అనాలో పైకే అనుకుంటూ పోయింది. బడి ఆఫీసులో ఉన్నావిడ చొక్కాకి అంటించుకునే చీటీ ఇస్తూ, "హాల్వర్ నుంచా? ఆటల్లో మేం గెల్చుకున్న కప్పులు చూసి పోదామని వచ్చారా?" అని పళ్లికిలించింది. మారిట్ చీటీ అంటించుకుని లెక్కల గది వెతుక్కుంటూ పోయింది.

తరగతి అప్పటికే మొదలైంది. తలుపు అద్దంలోంచి ఆమెని చూడగానే ఎజ్రా మొహంలో రక్తం లేదు. వెనక కుర్చీ చూపించాడు. గంట కొట్టేదాకా ఆగి అప్పుడు దులిపేద్దామని మారిట్ కూర్చుంది.

నల్లబోర్డుమీద గోధుమల కుప్ప బొమ్మ ఉంది. నేలమీద పోసిన కుప్పలో ఎంత ధాన్యం ఉంటుందో తేల్చాలి. ఒక కుర్రాడు లేచి ఏదో చెప్పాడు. "అలా అయితే మా నాన్న ఎప్పుడో దివాలా తీసుండేవాడు" అంది వెనకనుంచి ఒకమ్మాయి. అందరూ నవ్వారు. ఆ పిల్ల లేచి వచ్చి అతను రాసింది చెరిపేసింది. ఇంకొకడు ఆమె రాసిందాంట్లో తప్పు పట్టాడు. కొట్టుకుంటారేమో అనిపించేలా వాదించుకున్నారు. ఎజ్రా ఒక మూల నిలబడి, మధ్యమధ్యలో "ఎందుకు?" అని మాత్రం అంటున్నాడు. మారిట్‌కి తమ బడిలో లెక్కల గది గుర్తొచ్చింది. అక్కడ నలుగురు పిల్లలు, ఒక తెర, కిటికీ పక్కన హీటరు మోత. అక్కడ ఎవరూ ఎవరితోనూ వాదించరు.

గంట కొట్టాక ఎజ్రా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"తిట్టడానికేగా వచ్చారు. తిట్టండి."

"నీకు గది ఇచ్చాను. నా చేత్తో వండిపెట్టాను."

"అందుకేనండీ మీకు ఫోన్ చెయ్యలేకపోయాను. డ్వేన్ గారికి చేశాను. ధైర్యం చాల్లేదు."

"వీళ్లు ఎక్కువిస్తామన్నారా?"

"కొంచెం ఎక్కువే. దానికోసమే రాలేదంటే మీరు నమ్మరు." అతను సుద్ద చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "మీ దగ్గర లెక్కలూ నేనే, ఫిజిక్సూ నేనే, కెమిస్ట్రీ నేనే, పైగా అమ్మాయిల జట్టుకి కోచ్‌ని నేనే. నేను తప్పు చెప్పినా ఇది తప్పు అనేవాళ్లు ఉండరు. ఇక్కడ పక్క గదిలో పాతవాళ్లు ఇద్దరున్నారు, రోజూ నన్ను ఉతికేస్తున్నారు. నాకింకా పని రాదండీ. నేర్చుకోవాలి."

మారిట్ "ఆ పార వెనక్కి పంపించు" అని మాత్రం అని బయటికొచ్చేసింది.

తిరిగి వచ్చేటప్పుడు సగం దారిలో కారు పక్కకి ఆపి దిగింది. ఈదురుగాలి కోసేస్తోంది. కోటు గుండీలు కూడా పెట్టుకోకుండా కారు చుట్టూ తిరిగింది, తిరిగి మళ్లీ తిరిగింది. పోనీ ఆ తరగతి నేను చూడనట్టే ఉంటే, అనుకుంది. ఒంట్లో వణుకు పుట్టి లోపలికి వచ్చి కూర్చున్నా ఆ ఆలోచన ఆగలేదు.

ఇంట్లో కూతురు సిగ్నీ బూట్ల లేసులు మార్చుకుంటోంది. పదో తరగతి. అమ్మాయిల జట్టుకి కెప్టెన్.

"ఎక్కడికెళ్లావమ్మా? సెలూన్ ఎందుకు మూసేసి ఉందని జట్టులో అందరూ అడుగుతున్నారు."

"కుప్పగా పోసిన గోధుమలు ఎన్నో ఎలా లెక్కకడతారే?"

"ఏంటి నీ గొడవ? అదేదో శంకువు పాఠం. ఆ రోజు నెట్ ఆగిపోయింది." తలెత్తి తల్లి మొహం చూసింది. "డన్‌మోర్ వెళ్లొచ్చావు కదూ?"

మారిట్ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది.

"ఓటు వేసేది నువ్వు, పోయేది నా జట్టు. చెప్తున్నా అమ్మా, వేశావో, నీతో మాట్లాడను."

ఏప్రిల్ సభ జిమ్ములో పెట్టారు, ఇంకెక్కడా జనం పట్టరని. ట్రాక్టర్ కంపెనీ టోపీలు, పసిపిల్లలు, కాఫీ గ్లాసులు. హార్లన్ లేచి మాట్లాడుతుంటే కొందరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. వెనక బెంచీలోంచి ఎవరో అరిచారు, "మారిట్, నీ కుర్చీలో కూర్చోబెట్టి చెప్పిన మాట గుర్తుందా, జుట్టుతోపాటు ఊడ్చేశావా?" జనం గొల్లుమన్నారు.

ఓటు కోసం బోర్డువాళ్ల పేర్లు పిలిచారు. రెండు అవును, రెండు కాదు. మారిట్ కూర్చునే చెప్పాలి, కానీ లేచి నిలబడింది.

"గుర్తుంది," అంది. "మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. టీచరు దొరికితే బడి నిలుస్తుందనుకున్నాను. దొరికినవాడు ఎందుకు ఉండలేదో వెళ్లి చూసొచ్చాను. మన పిల్లలకి తెలివి లేక కాదు, వాళ్లతో వాదించడానికి పక్కన పిల్లలు లేరు. అది నేను కొని తేలేను. నా ఓటు అవును."

ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది. మడత కుర్చీలు మూసిన చప్పుళ్లు వరసగా వినిపించాయి. జట్టు అమ్మాయిలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటికి పోయారు. మధ్యలో సిగ్నీ. వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత సెలూన్లో గంటలకి గంటలు మారిట్ తుడిచిన నేలనే తుడిచింది. జనం జుట్టు కత్తిరించుకోవడానికి ఎక్కడికి వెళ్తున్నారా అంటే, డన్‌మోర్! అది విని ఆమెకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. జూన్ ఎన్నికల్లో హార్లన్ కోడలు డార్లా ఆమెని చిత్తుగా ఓడించింది.

ఆగస్టు చివర్లో బస్సు పైతరగతుల పిల్లల్ని ఎక్కించుకుని పోయింది. డన్‌మోర్‌లో పరీక్ష పెట్టి సిగ్నీని లెక్కల్లో తనకంటే చిన్నవాళ్లతో కూర్చోబెట్టారు. జట్టులో ఆమెకి దొరికింది ఆట చూస్తూ కూర్చునే బెంచీ. ఆ పిల్ల ఇంటికొచ్చి గది తలుపు వేసుకునేది. మారిట్ తలుపు బయట నిలబడి, కొట్టబోయి, చెయ్యి దించేసేది. నేను చేసింది తప్పేమో అని ఆమెకి అనిపించని రోజు లేదు. ఎజ్రా సాయంత్రాలు బస్సు వచ్చేదాకా సిగ్నీతో కూర్చుంటున్నాడని డ్వేన్ చెప్పాడు. జనవరిలో ఆమెని తన ఈడువాళ్ల తరగతిలోకి మార్చారు. ఆ సంగతి సిగ్నీ ఇంట్లో చెప్పలేదు. కాకపోతే ఒకరోజు భోజనాల దగ్గర, "ఆ ఎజ్రా చెప్పిందాంట్లో ఇవాళ నేను తప్పు పట్టాను" అంది, తల్లి వైపు చూడకుండా. ఆట ఊసు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇప్పటికీ అంతే.

మంచు కరిగే రోజుల్లో హార్లన్ సెలూన్ తలుపు తోసుకుని వచ్చాడు. జుట్టు మెడమీద పడుతోంది.

"ఆ డన్‌మోర్ మంగలికి ఒక్క ముక్క మాట్లాడ్డం రాదు," అని కుర్చీలో కూలబడ్డాడు. "చవటవి నువ్వు. అయినా కత్తిరించు."

మారిట్ గుడ్డ కట్టింది. కత్తెర అందుకుంది.

"రెండో తరగతి టీచరమ్మ మానేస్తోంది," అన్నాడతను. "రెండూ మూడూ కలిపేసి ఒకే గదిలో పెడదామంటోంది మా డార్లా."

"మూడోవాళ్లలో సగంమందికి చదవడం రాదు. వాళ్లని ఎవరు పట్టించుకుంటారు?"

"నన్నడుగుతావేంటి? గురువారం సభ. వచ్చి అక్కడ అడుగు."

"నేనిప్పుడు బోర్డులో లేను కదా."

"అయితే ఏం? జనం కుర్చీల్లో కూర్చుని అరవడానికి ఓట్లు అక్కర్లేదు."

గురువారం మారిట్ వెనక వరసలో కూర్చుంది. కాలు ఆడిస్తూనే ఉంది. పక్కావిడ రెండుసార్లు ఆ మోకాలివైపు చూసింది. డార్లా ప్రతిపాదన చదవడం పూర్తి చేసి, జనంలో ఎవరైనా మాట్లాడతారా అని అడిగేసరికి మారిట్ అప్పటికే లేచి నడుస్తోంది.

మైకు దగ్గరికి రాగానే డార్లా బోర్డు బల్ల దగ్గర్నుంచి ఆమెని ఆపింది. "ముందు పేరూ, ఇంటి చిరునామా చెప్పాలి. రూలు."

ఆ రూలు రాయించింది మారిటే. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"మారిట్ లిండాల్. మెయిన్ వీధి, సెలూన్ వెనక ఇల్లు," అంది మారిట్. "ఇప్పుడు చెప్పండి, ఆ మూడోతరగతి పిల్లల దగ్గర ఎవరు కూర్చుంటారు?"